ఇంకో ఇంజక్షన్ ఇవ్వనన్న డాక్టరమ్మ

స్పిరిట్ దూది వాసన తగిలితే చాలు, నా కాలు దానంతటదే వెనక్కి పోతుంది. మొన్న భిలాయి నెహ్రూ నగర్‌లో ఒక కుర్ర డాక్టరు నా మోకాలు తుడుస్తుంటే ఆ వాసనకి మా సుశీల డాక్టరమ్మ గుర్తొచ్చింది. ఆవిడ పోయి రెండేళ్ళు. నాకు సంతకం తప్ప రాత రాదు, నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. ఆవిడని చూడనివాళ్ళకి ఆవిడ ఎలాంటి మనిషో తెలియాలి కదా.

మా ఆయన ఉక్కు ప్లాంటులో, మిల్లు బేరింగులకి గ్రీసు పెట్టే పని చేసేవారు. ఆయన పోయాక ఇక్కడే రిసాలిలో ఇడ్లీ కొట్టు పెట్టుకున్నాను. నేల మీద పీట, ఎదురుగా పొయ్యి. పొద్దున్నుంచీ కూర్చోవడం, లేవడం. కొన్నేళ్ళకి మోకాళ్ళు పట్టేశాయి. నేను లేవలేకపోతే కొట్టు లేదు, కొట్టు లేకపోతే తిండి లేదు. అలా వెళ్ళాను ఆవిడ దగ్గరికి. తండ్రిది మా విజయనగరం వైపే గానీ ఆవిడ భిలాయిలోనే పుట్టింది, తెలుగులో సగం హిందీ కలిపేది.

మొదటి ఇంజక్షన్ ఆవిడే ఇచ్చింది. వారం తిరిగేసరికి, ఈ మోకాలు నాదేనా అనిపించింది. కొన్నాళ్ళకి నొప్పి మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఇచ్చింది. ఆ తరవాత నాకు ఓపిక పోయింది. మా వీధిలో అందరిదీ ఒకటే మాట, బేరింగు అరిస్తే గ్రీసు కొట్టాలని. ప్లాంటు మనుషులం, మాకు మోకాలూ మిషనే. ఆవిడ చెప్పిన గడువు రాకుండానే వెళ్ళి కూర్చున్నాను.

“డాట్రమ్మా, ఇంకోటి పొడిసెయ్యి. నెలనెలా వస్తాను.”

“నహీఁ పిన్నీ. ఇవ్వను.”

“ఏటి, మందు అయిపోనాదేటి?”

“మందు బోలెడుంది. నీకు మోకాళ్ళు రెండే ఉన్నాయి.”

“మా ఆయన వారం వారం గ్రీసు కొట్టీవోరు. ఏ బేరింగుకీ ఏటీ అవనేదు.”

ఆవిడ నవ్వింది. “బేరింగు పోతే స్టోర్ నుంచి కొత్తది తెచ్చేవారు కదా? నీ మోకాట్లో గుజ్జు ఏ స్టోర్‌లో దొరుకుతుంది, బతావో, నువ్వే చెప్పు? ఇది గ్రీసు కాదు పిన్నీ, వాపు తగ్గించే మందు. అరిగింది నింపదు. మాటిమాటికీ పొడిస్తే ఉన్న గుజ్జు ఇంకా పల్చబడొచ్చు.”

“అలాగ పదేళ్ళు పొడిపించుకుంటే ఏటవుద్ది మరి?”

ఆవిడ పెన్ను కింద పెట్టింది. “పక్కాగా నాకు తెలీదు. ఎవరికీ పూర్తిగా తెలీదు. అందుకే భయపడుతున్నా.”

అంత చదివిన మనిషి నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు. ఒళ్ళు మండింది. “తెలీనప్పుడు ఆ కుర్సీ ఎందుకమ్మా నీకు!” అని గుమ్మంలో నిలబడి అరిచాను. బయట జనమంతా విన్నారు. ఆవిడ మాత్రం, “రేపు నీ కొట్టుకి వస్తా, ఇడ్లీ పెడతావా?” అంది.

వచ్చింది. తింటున్నంతసేపూ ప్లేటు చూడలేదు, నా కాళ్ళే చూసింది. “ఈ పీటే నీ దుష్మన్” అంది. మా ఆయనతో పనిచేసిన సింహాచలం అన్నయ్యని పిలిపించి, పొయ్యికి నడుమెత్తు ఇనప స్టాండు చేయించింది. నాకొక పొడుగు స్టూలు. ఇడ్లీ ఉడికేలోపు దాని మీద కూర్చుని కాలు తిన్నగా చాపి ఎత్తి పట్టుకోవాలట. “తొడకి పని చెప్పు, మోకాలికి సెలవు దొరుకుతుంది.” సింహాచలం అన్నయ్య ఊరుకుంటాడా? “ఏటి చెల్లెమ్మా, కవాతు సేస్తన్నావేటి!” అనేవాడు.

నొప్పి పూర్తిగా పోయిందని అబద్ధం చెప్పను. వానాకాలంలో ఏడిపిస్తూనే ఉంటుంది. బాగా వాచినప్పుడు, షుగర్ చూసి, కిందటిది ఎప్పుడిచ్చిందో చూసి, ఆవిడే ఇంజక్షన్ ఇచ్చేది. కొట్టు మాత్రం నిలబడింది. నన్ను ఊరుకోబెట్టడానికి ఆ రోజే ఒకటి పొడిచి పంపేయొచ్చు, ఆవిడకి నిమిషం పని. వద్దనడానికే అంత దూరం నడిచొచ్చింది.

మొన్న ఆ కుర్ర డాక్టరు సూది ఎత్తగానే చెయ్యి అడ్డం పెట్టాను. “బాబూ, కిందటిదేసి రెండేళ్ళు దాటింది. ఇయ్యి ఏళ్ళ తరబడి ఏసుకుంటే ఏటవుద్ది?”

ఆయన సూది ట్రేలో పెట్టాడు. “అది ఖచ్చితంగా చెప్పలేనమ్మా” అన్నాడు.

అప్పుడు కాలు చాపాను.