కొడవలికి చావని గడ్డి

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం ఉదయం మా ఊరి మంచినీళ్ల చెరువు గట్టు మీద ఉన్నవాళ్లు వీరు: మా నాన్న, ఇంకొందరు మిరప, పత్తి రైతులు, పక్కింటి అక్క, నేను. ఉన్నవి: పత్తికి కొట్టే పురుగుమందు డబ్బా ఒకటి, అక్క చేతిలో గాజు సీసా ఒకటి. ఎనభైల నాటి మాట. కాలువ నీళ్లతో నింపుకున్న ఆ చెరువే ఊరందరికీ తాగునీరు.

నీటి అడుగున గడ్డి కమ్మేసింది. మేమంతా దాన్ని నాచు అనేవాళ్లం. అంతకు ముందు నెల బిందె ముంచబోయి జారిన అక్క కాళ్లకు అదే చుట్టుకుంది. మా నాన్న దూకి, జుట్టు పట్టి లాగాడు. ఆ కోపంతో మగవాళ్లంతా దిగి, చేలో కలుపు కోసినట్టు కొడవళ్లతో కోశారు. తెగిన ముక్కలు తేలుతూ చెరువంతా పరుచుకున్నాయి. కొన్నాళ్లకు మునుపు లేని మూలల్లో కూడా గడ్డి లేచింది.

అందుకే ఆ డబ్బా. అప్పట్లో మా వైపు చేలో ఏం కనిపించినా మందు కొట్టడమే. "పచ్చపురుగే చస్తోంది, ఈ నాచెంత?" అంటూ నాన్న మూత తిప్పాడు.

"ఆగు బాబాయ్. అది పురుగుల మందు. గడ్డి చావదు, చేపలు చస్తాయి. ఆ నీళ్లు తాగేది మనం."

"మునిగినదానివి, చెరువు సంగతి నీకేం తెలుసే?" అన్నారెవరో వెనకనుంచి.

"మునిగాను కాబట్టే తెలుసు" అంది అక్క.

సీసాను ఎండకెత్తింది. లోపల నీళ్లలో ఉన్నది మునిగిన రోజు ఆమె కాలి పట్టీకి చిక్కుకుని ఇంటికొచ్చిన ముక్క. నాచైతే చేతిలో జారిపోతుంది, కాడ ఉండదు. దీనికి కాడ ఉంది, కణుపులున్నాయి, కణుపు చుట్టూ సన్నని ఆకులున్నాయి. కణుపుల నుంచి తెల్లని వేళ్లు దిగాయి. కోసిన ప్రతి ముక్కనూ మేమే నాటామన్నమాట. నాన్న ఆ వేళ్లు చూసి డబ్బా మూత బిగించాడు.

తర్వాత మోకుతాడుకు తుమ్మకంప కట్టి, అడుగు మట్టి నుంచి గడ్డిని వేళ్లతో సహా లాగారు. తెగి తేలిన ముక్కల్ని ఆడవాళ్లు పాత చీరలతో దేవి, గట్టుకు దూరంగా ఎండబెట్టారు. గడ్డి పూర్తిగా పోలేదు, ఏటా లాగాల్సే వచ్చింది. మొదటిరోజు మాత్రం అక్క గట్టు మీద కాసేపు నిలబడి, పట్టీలు తీసి నా చేతిలో పెట్టి, అందరికన్నా ముందు నీళ్లలోకి దిగింది.

నేను డిప్లొమా చదివి, యంత్రాలు బాగుచేస్తూ బతికాను. ఏది మొరాయించినా చెయ్యి వేసే ముందు అదేమిటో, ఎక్కడ పట్టుకుని ఉందో చూస్తాను. అప్పుడు సీసాలోని ఆ ముక్కే కళ్లముందుకొస్తుంది. దానికి కణుపులు మూడు. మూడింటికీ వేళ్లు.