రెండు పేర్ల కార్డులు

నెల్లూరులో ఓ మిషను ఆసుపత్రిలో రికార్డులు రాసే ఎస్తేరమ్మకు లెక్క తప్పిందంటే అన్నంలో రాయి తగిలినట్టే. 1962లో డాక్టరు జీవానందంగారు, కీళ్లజ్వరం వచ్చి గుండె కవాటాలు చెడిన పిల్లల్ని వెతుకుతూ మైపాడు వైపు పల్లెల్లో తిరిగారు. పేర్లు రాసే పని ఎస్తేరమ్మదే. మిషను బడిలో పిల్లల గుండెలు డాక్టరుగారు విన్నారు. బడి జాబితాలో పేరు లేనివాళ్ల కోసం ఆయన శిష్యుడు ఇల్లిల్లూ తిరిగాడు. రెండు జాబితాలూ కలిపితే జబ్బు పిల్లలు ముప్పయ్యొక్కరు తేలారు.

ఆ లెక్కతో రాసిన వ్యాసాన్ని మద్రాసు వైద్యపత్రిక ఒకటి తీసుకుంది. జిల్లాలన్నిటికీ కలిపి జరగబోయే గుండెజబ్బుల పరిశోధనకు ఆయన్నే పెద్దగా పెడతామని కబురు కూడా వచ్చింది. డాక్టరుగారు వార్డంతా మిఠాయి పంచారు.

ఆ వారమే పెన్సిలిన్ సూదులు వేయించడానికి నర్సును వెంటబెట్టుకుని మైపాడు వెళ్లింది ఎస్తేరమ్మ. కార్డు చూసి "ప్రేమలీల" అని పిలిస్తే ఓ పిల్ల వచ్చి సూది వేయించుకుంది. ఇంకో కార్డు చూసి "వెంకటశేషమ్మ" అంటే మళ్లీ ఆ పిల్లే వచ్చి నిలబడింది.

"ఇద్దరెక్కడమ్మా?" అంది తల్లి. "బడిలో ప్రేమలీల. ఇంట్లో మా అత్త పేరు పెట్టుకున్నాం. నాకుండేది ఇదొక్కతే."

ఎస్తేరమ్మ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూసింది. బాప్తిస్మం పేరొకటి, ఇంట్లో పిలిచే పేరొకటి. ఆ పల్లెల్లో ఎవరికి లేవు? తనకు మాత్రం లేవా? నాయనమ్మ చనిపోయేదాకా తనను ఆదిశేషమ్మ అనే పిలిచింది. పైఊరివాడైన శిష్యుడికి తెలియకపోతే పోనీ, తనకేమైంది? సాయంత్రం దాకా గడపగడపా తిరిగి అడిగింది. ఏడుగురు పిల్లలు రెండేసి సార్లు లెక్కలోకి వచ్చారు.

చెబితే వ్యాసం ఆగుతుంది, డాక్టరుగారికి రాబోయే పెద్దరికం పోతుంది, తన ఉద్యోగమూ పోవచ్చు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. బస్సులో నెల్లూరు దాకా భయపడుతూనే వచ్చింది. దిగి నేరుగా ఆయన గదికే వెళ్లింది.

"తప్పు నేను చేసినాను డాక్టరుగారూ. ముప్పయ్యొక్కరు కాదు, ఇరవై నలుగురే. పిల్ల పేరేందని అడిగినాను గానీ, ఇంకో పేరుందా అని అడగలేదు."

ఆయన రెండు జాబితాలూ ముందేసుకుని ఒక్కో పేరూ సరిచూశారు. "వ్యాసం ఆపమని టెలిగ్రాం ఇద్దాం" అన్నారు చివరికి. "మళ్లీ మొదట్నుంచీ రాద్దామమ్మా."

ఇంకో ఎనిమిది నెలలు పల్లెలు తిరిగారు. ప్రతి కార్డు మీదా రెండు పేర్లు పడ్డాయి. పెద్దరికం వేరే ఊరి డాక్టరుకు పోయింది. జీవానందంగారు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తనందుకే ఎస్తేరమ్మ ఎక్కువ బాధపడింది.

1965లో వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో శిష్యుడున్నాడు, బడి మేష్టరున్నాడు, జీపు ఇచ్చిన దొరగారున్నారు. రికార్డులు రాసే మనిషి పేరు వేయాలని ఎవరికీ తోచలేదు. రెండు పేర్లున్న మనిషి, ఒక్కటైనా వేయకూడదా? చూసినవాళ్లకు ఒళ్లు మండింది. ఆమె మాత్రం రెండో పేజీ తిప్పి, "ప్రతి బిడ్డకూ ఉన్న పేర్లన్నీ అడిగి రాసుకున్నాం" అనే అర్థం వచ్చే వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకుని, పత్రికను బీరువాలో పెట్టి తాళం వేసింది.