మాయ విప్పి చూస్తానన్న విశ్వాసమ్మ

విశ్వాసమ్మ సంగతి చెప్పాలంటే నా సంగతి బయట పెట్టుకోవాల. అందుకే నాలుగేండ్లు నోరు మూసుకుని ఉన్యా. ఇంక నాతో కాదు, చెప్తాండా. విన్నాక నా మొగాన ఊస్తే ఊయండి.

మాది ఆలూరు పక్కన పల్లె. విశ్వాసమ్మది ఊరి బయట కిరస్తానపోళ్ళుండే గేరి. మొగుడు పోయినాక మా వీధిలో నాలుగిండ్ల కొట్టాలు ఊడ్చి పేడ ఎత్తేది. పేడ ఎత్తొచ్చు గాని పాలచెంబు ముట్టగూడదు, గడప తొక్కగూడదు. మేం పెట్టిన కట్టడి అది.

అట్లాంటి మనిషికి ఒక ఇద్దె తెల్సు. ఆవు గాని ఎనుము గాని ఈని, దూడ ఎనకాల మాయ పడితే, దాన్ని నేల మీద పరిచి, అంచులు వేలితో తడిమి, అంతా పడిందా, లోపల తునక నిల్చిందా చెప్పేది. ఆ తర్వాత పది దినాలు పొద్దున్నే వచ్చి పశువు తోక కింద చూసేది. ఈనినాక కారే మైల చిక్కగా ఉండి, కంపు లేకుండా దినదినానికీ తగ్గితే భయం లేదు. నీళ్ళ మాదిరి పల్చనై కంపు కొడితే మాత్రం, "లోపల చెడతాండాది, చెవులు పట్టి చూడండి, కాల్తాంటాయి" అనేది. అట్లే కాల్తాండె. మీసాలు మెలేసే మొగోళ్ళు కూడా ఆ కాసేపు చేతులు కట్టుకుని, ఆయమ్మ ఏం చెప్తాదా అని నిలబడేవాళ్ళు. ఊర్లో ఆమెకుండే మర్యాద అదొక్కటే.

మా తాలూకా బళ్ళారి నుంచి కర్నూలు జిల్లాకు మారిన రెండో ఏడు మా నల్లావు పెయ్యదూడను ఈనింది. కోడికూతకు ఈనితే, మాయ పడేసరికి మల్ల సందేళాయె. మాయను విప్పగూడదు, గోనెలో మూట గట్టి పాలు కారే చెట్టుకు ఏలాడగడితేనే ఆవుకు పాలు దిగుతాయని మా అత్త సోమక్క పట్టు. విశ్వాసమ్మ మాత్రం, "అమ్మా, శానా ఆలస్యంగా పడింది. ఒక్క తూరి విప్పి చూస్తా" అనె.

అత్త నోరు తెరిచేలోగా నేనే ఎగబడినా. "నీ చెయ్యి తగిలితే మాకు పాలుంటాయా? పేడెత్తే పని చూసుకో పో!" నోరా అది, మోరీనా! ఆయమ్మ చెయ్యి ఎనక్కి తీసుకునె.

ఐదో పొద్దు కొట్టం ఊడుస్తా ఊడుస్తా ఆగి, "అమ్మా, వాసన బాగలేదు. తునక లోపల నిల్చినట్లుండాది" అనె. "నా పాల మీద కన్నేసినావా?" అని వాకిలి దాకా తరిమినా.

సాయంత్రానికి ఆవు మేత ముట్టలేదు, నెమరు ఏయలేదు. తోకెత్తి ముక్కుతాండాది. కింద కారేది చింతపండు రసం రంగు. ఆ కంపుకు కొంగు ముక్కుకడ్డం పెట్టుకున్యా. చెవులు పట్టుకుంటే కాల్తాండాయి. అయినా విశ్వాసమ్మను పిలవడానికి నాకు మొగం చెల్లలేదు.

మర్నాడు మా ఇంటాయన బసవన్న బండి కట్టుకుని పోయి ఆలూరు నుంచి పశువుల డాక్టరును తెచ్చె. ఆయన చెయ్యంతా సబ్బు పూసుకుని లోపలికి పెట్టి, కుళ్ళిన తునక బయటికి తీసె. "మాయ పడినప్పుడు అంతా పడిందా అని చూసిందెవరు?" అని గట్టిగా అడిగె.

వీధంతా మా కొట్టం ముందరే ఉండాది. అత్త తల దించుకునె. ఇంటాయన నా దిక్కు చూసె. విశ్వాసమ్మ పేడగంపతో గోడ పక్కన నిలబడి ఉండాది. నేనే చూడనీలేదని ఒక్క మాట చెప్తే పోయేది. ఊరి ముందర చిన్నబోవాల్సొస్తాదని నా చెయ్యి ఆమె దిక్కు లేచె. "ఆయమ్మే చూసి, అంతా బాగుండాదనె" అన్యా.

శివ శివా, ఎట్లనగలిగినానో!

డాక్టరు ఆమె మీద మండిపడె. "తెలియని పని నెత్తినేసుకుని మూగజీవాల పానాలు తీస్తావా? ఇంకొక పశువు దగ్గరికి పోతే బాగుండదు" అనె. విశ్వాసమ్మ నన్ను చూసె. నాలుగిండ్ల కూలి మా వీధిలోనే ఉంటే ఏమంటాది? "తప్పయిపోయింది సామీ" అనె.

ఊదారంగు మందునీళ్ళతో కడిగి, సూదులేస్తే ఎనిమిది దినాలకు ఆవు కోలుకునె. పాలూ ఇచ్చె. ఆ పాలు నాకు గొంతు దిగలేదని చెప్తే అబద్ధం, కడుపు నిండా తాగినా.

ఆ పొద్దు నుంచి ఈనిన పశువు కాడికి విశ్వాసమ్మను ఎవరూ పిలవలేదు. ఆ ఏడే మా వీధి బొజ్జన్న ఎనుము ఈనిన తొమ్మిదో దినం చచ్చిపోయె. దాని మాయ విప్పి చూసినోళ్ళు లేరు, మైల చూసినోళ్ళు లేరు. అది నా అబద్ధం వల్లేనని నాకు తెల్సు, అయినా కుక్కిన పేను మాదిరి ఇంట్లోనే కూర్చున్యా.

చూస్తాండంగానే కొట్టాల పని కూడా ఆమెకు ఒక్కొక్క ఇల్లే మానిపించిరి. బండలు కొట్టే పనికి ఎర్రగుంట్లకు పోతాందని తెలిసి, పుట్టి బుద్ధెరిగినాక మొదటి తూరి ఆ గేరిలో కాలు పెట్టినా. ఆమె గుమ్మంలో కూర్చుని గిన్నెలు మూట గట్టుకుంటాండాది. "విశ్వాసమ్మా, తప్పు నాది. నువ్వు చూస్తానంటే చూడనీలేదు, నీ మీద అబద్ధం చెప్పినా" అన్యా. ఏడుపొచ్చె.

ఆయమ్మ ముడి గట్టిగా బిగించి తలెత్తె.

"ఆ పొద్దు అందరి ముందర చెప్పాల్సిన మాట గదమ్మా ఇది. నాకెందుకు చెప్తాండావు? నాకు తెల్సు గదా."