బజరు మోగాకే బయలుదేరమన్న వదిన

మా వదిన పోయిన కబురు తాండూరు నుంచి అన్నయ్య ఫోనులో చెప్పాడు. "మీ వదిన ఇగ లేదు తమ్మీ. పొద్దున లేపితే లేవలే," అని పెట్టేశాడు. సమాధి అయ్యాక జరిగిన స్మారక కూడికలో ఆమెను గురించి మంచి మాటలే విన్నాను. వాటి మధ్య ఒకరు, చిన్న లైటు కోసం లోడు బండిని ఆపేసిన జిద్దు మనిషి, పట్టు విడవదు అని అన్నారు. అందరూ ప్రేమగానే నవ్వారు. ఆ రోజు ఆమె నిజంగా ఏం ఆపిందో తెలిసినవాళ్ళం ఇప్పుడు అన్నయ్యా నేనే. అన్నయ్య ట్రైలర్ లారీ మళ్ళీ రోడ్డెక్కింది. అందుకే ఈ సంగతి ఇప్పుడే చెప్పాలి.

నేను వికారాబాదులో వాహనాల కరెంటు పని నేర్పుతాను. వదినకు ఆ పని రాదు, బండి నడపడమూ రాదు. ఆమెకు ఉన్నదల్లా ఒక ప్రశ్న: "చూసినవా, అనుకుంటున్నవా?" అన్నం ఉడికిందన్నా, బషీరాబాద్ బస్సు పోయిందన్నా, వాన తగ్గిందన్నా అదే అడిగేది. కొత్తలో నాకు చిరాకుగా ఉండేది. తర్వాత గమనిస్తే ఆ ప్రశ్న తనకు తానే ఎక్కువగా వేసుకునేది. తాళం వేశాననుకుని వీధి చివరిదాకా వచ్చి, వెనక్కి వెళ్ళి, చేత్తో లాగి చూసి, ఏమీ జరగనట్టు మళ్ళీ మాతో కలిసేది.

ఆ మధ్యాహ్నం అన్నయ్య పాలిష్ బండల లోడెత్తి లారీ స్టార్టు చేస్తే బజరు మోగడం ఆపలేదు. ఆ బండి బ్రేకులు గాలితో పనిచేస్తాయి. ట్యాంకులో గాలి పడిపోతే డ్రైవరు ముందు ఎర్రలైటు వెలిగి బజరు మోగాలి. ఆ కబురు మోసేది బొటనవేలంత స్విచ్చు. అందరూ సెన్సర్ అంటారు. మీటరులో ముల్లు నిండు గాలి చూపిస్తోంది, బజరు మాత్రం లేదంటోంది. తెలిసిన మెకానిక్ దౌల్తాబాద్‌లో పెళ్ళికి పోయాడు. చీకటి పడకముందే అనంతగిరి మలుపులు దాటాలని అన్నయ్య ఆత్రం. ఏ వైరు పీకాలో చెప్పమని నాకు ఫోను చేశాడు. నేను వద్దంటుండగానే వదిన ఫోను అందుకుంది.

"తమ్మీ, వైరు పీకితే ఏమైతది?"

"సప్పుడు ఆగుతది వదినా. లైటు గూడ ఆరుతది."

"నిజంగ గాలి తగ్గితే?"

"అప్పుడు గూడ వెలగదు."

"గట్లైతే అది నోరు మూసుడు గాదు, అబద్ధం చెప్పిచ్చుడు," అంది.

వెనక అన్నయ్య గొణగడం వినబడింది: "మీ వదినకు బండి ఏడ్వకుంటె తోచదు."

ముల్లు నిండుగా ఉంది కాబట్టి అనుమానం స్విచ్చు మీదే అన్నాను. ఇద్దరూ కలిసి దాన్ని మార్చడానికి దిగారు. నేను ఫోనులో ఒక్కో మెట్టు చెబుతూ వచ్చాను. ముందు చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టమన్నాను. ఇంజను ఆపి, ట్యాంకు గాలి పూర్తిగా వదిలి, ఆ తర్వాతే స్విచ్చు మీద పానా పెట్టమన్నాను. గాలి ఉండగా విప్పితే అది తూటాలా లేస్తుంది. విప్పిన స్విచ్చును కొంగులో చుట్టుకుని వదిన ఆటోలో సామాన్ల దుకాణానికి పోయి, మర చుట్లు సరిచూసి అలాంటిదే తెచ్చింది. అన్నయ్య బిగించి ఇంజను స్టార్టు చేశాడు. గాలి నిండింది. బజరు ఆగింది. లైటు ఆరింది.

అన్నయ్య రాళ్ళు తీయబోతుంటే వదిన తన ప్రశ్న వేసింది. బాగయిందని చూసినవా, అనుకుంటున్నవా? అతను విసుక్కున్నాడు. నేను ఆమె పక్షమే. ఆరిన లైటు దేనికీ సాక్ష్యం కాదు. వెలగవలసినప్పుడు వెలిగితేనే బాగైనట్టు. ఇంజను ఆపి, తాళంచెవి ఆన్‌లో ఉంచి, గాలి తగ్గేదాకా బ్రేకు తొక్కుతూ ఉండమన్నాను. వదిన కాబిన్ మెట్టు మీద నిలబడి ముల్లును చూస్తూ చెబుతోంది. ముల్లు దిగుతోంది. ఎర్రగీత దగ్గరికి వచ్చింది. గీత దాటింది.

బజరు మోగలేదు.

ఆ నిశ్శబ్దం వికారాబాదులో నా చెవికి తగిలింది. వైరు పీకి పోయి ఉంటే ఎంత ప్రమాదమో, అప్పుడూ అంతే ప్రమాదం. తేడా ఒక్కటే: మరమ్మతు చేశామని ముగ్గురం నమ్మి ఉండేవాళ్ళం.

స్విచ్చు నుంచి వైరు తీసి బండి ఇనుముకు తాకించమన్నాను. బజరు మోగింది. అంటే వైరూ లైటూ మంచివే, లోపం స్విచ్చు దగ్గరే. మర చుట్ల మీద ఏమైనా ఉందా అని అడిగాను.

"తెల్ల టేపు ఉంది. పెండ్లికొడుకు రుమాలు లెక్క చుట్టిండు మీ అన్న."

గాలి కారకూడదని బోరు పైపుకు చుట్టినట్టే చుట్టాడు. అయితే ఆ స్విచ్చుకు వైరు ఒక్కటే. కరెంటుకు రెండో దారి దాని మర చుట్లు ఇనుముకు తగలడమే. టేపు ఆ దారిని మూసేసింది. మళ్ళీ గాలి వదిలి, టేపు గీకి, రాగి వాషరు వేసి బిగించి, గాలి నింపి సబ్బునురగ పూసి చూశారు. బుడగ లేదు. మళ్ళీ బ్రేకు తొక్కారు. ఈసారి ముల్లు గీత దాటకముందే బజరు మోగింది.

"ఇప్పుడు ఏడుస్తుంది. గాలి నింపుకోని ఇగ పైలంగ పో," అంది అన్నయ్యతో.

అప్పటినుంచి ప్రతి ప్రయాణానికి ముందూ ఆమె కాబిన్ పక్కన నిలబడేది. బజరు విన్నాకే రాళ్ళు తీయనిచ్చేది.

కూడిక జరిగిన కొన్నాళ్ళకు అన్నయ్య తిరుగు లోడుతో వికారాబాదులో ఆగాడు. ముందున్నవి అనంతగిరి మలుపులు. టీ తాగుతూ, పరీక్ష చేస్తున్నావా అని అడిగాను. గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆ సప్పుడు వింటే ఆమె పక్కన నిలబడ్డట్టే ఉంటది తమ్మీ. వినలేకపోతున్న."

"వైరు పీకినవా అన్నా?"

కాబిన్ ఎక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను వెంటనే స్టార్టు చేయలేదు. బ్రేకు తొక్కినప్పుడల్లా గాలి బుస్సుమనడం కింద నిలబడ్డ నాకు వినబడింది, మళ్ళీ, మళ్ళీ. అద్దాలు ఎత్తి ఉన్నాయి. అదే సమయానికి పక్కనుంచి బస్సొకటి హారను కొడుతూ పోయింది. తర్వాత అతను ఇంజను స్టార్టు చేసి, గాలి నిండేదాకా ఆగి, గుట్టల వైపు కదిలాడు. లోపల బజరు మోగిందో లేదో నాకు తెలియదు.