గడప దాటని పెదనాయన

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తెలిసింది గోరంత, చెప్పాలనిపించేది కొండంత. నా విషయంలో ఆ గోరు కూడా సగం విరిగిందే. మా పెదనాయన మందు ఆయన మెదడుకు చేరకుండా ఒకరోజు నేను అడ్డుపడ్డాను. అదీ ఆయన కొడుకు నిశ్చితార్థం రోజున, ఆయన మేలు కోరి. తప్పు నాది. తిట్లు తిన్నది వేరేవాళ్లు.

అప్పట్లో నేను మెడికల్ రెప్‌ని. మెడకు టై, భుజానికి నల్ల బ్యాగు, ఆత్మకూరు నుంచి ఉదయగిరి దాకా బైకు. (ఆ ఎండలో నా టై చూసి డాక్టర్లు జాలిపడి లోపలికి పిలిచేవారు.) కంపెనీ క్లాసులో నాకు బాగా నచ్చిన పాఠం ఒకటుంది. మెదడులోని రక్తనాళాలు కాపలా గోడలా పనిచేస్తాయట. మింగిన ప్రతి మందునూ లోపలికి రానివ్వవట. ఆ పాఠాన్ని టీకొట్టు దగ్గర, బస్సులో, చివరికి గడ్డం గీయించుకుంటూ కూడా చెప్పాను. పెదనాయనకు వణుకుడు జబ్బు వచ్చాక ఇక నా నోటికి పట్టపగ్గాల్లేవు.

పెదనాయన ఉదయగిరి వైపు పేరున్న రైతు. తగవుల్లో ఆయన మాటే తీర్పు. అలాంటి మనిషికి చెయ్యి వణకడం, నడుస్తూ నడుస్తూ కాలు నేలకు అతుక్కుపోయినట్టు ఆగిపోవడం మొదలైంది. నెల్లూరు డాక్టరు తిండికి ముందు వేసుకోమన్న మాత్రతో బాగానే తిరిగేవాడు. కానీ ఆ సంగతి ఇల్లు దాటకూడదు. "పిల్లోడి పెళ్లయ్యేదాకా ఎవురికీ తెలీగూడదు. నన్ను జాలిగా చూస్తే ఓర్చుకోలేనురా" అన్నాడు.

నిశ్చితార్థం నాటి ఉదయం ఆయన ఖాళీ కడుపుతో మాత్ర వేసుకోబోతుంటే నేను చెయ్యి పట్టుకున్నాను. "పెదనాయనా, అంత గోడ దాటాలంటే మందుకు బలం కావద్దా? ఉత్త నీళ్లతో ఏం దాటతాది?" పెద్దమ్మకు నా మాట అమృతంలా వినిపించింది. "నేను మొదట్నించీ అంటానే ఉండా, ఆ మాత్ర వేడని!" అంటూ ఉడకబెట్టిన గుడ్లు, పెద్ద గ్లాసు నిండా చిక్కటి పాలు తెచ్చి పెట్టింది. వాటితోపాటే మింగిన మాత్ర ఆ మధ్య ఎక్కడో మునిగిపోయింది.

ఆత్మకూరు కల్యాణమండపం గుమ్మంలో చేజర్లవాడైన ఆడపిల్ల తండ్రి చేతులు జోడించి "రా బావా, రా" అన్నాడు. పెదనాయన గడప ముందు ఆగాడు. ఆగినవాడు ఆగినట్టే ఉన్నాడు. ఆ జబ్బులో ముఖం కూడా బిగుసుకుపోతుంది కనుక చూసేవాళ్లకు ఉగ్రరూపమే కనబడింది. మగపెళ్లివారి పెద్ద గుమ్మంలో ఆగాడంటే మా వైపు ఒకటే అర్థం: అలిగాడు.

"ఏంది తక్కువైందో కనుక్కోండ్రా!"

"ఫ్లెక్సీలో ఆయన ఫొటో ఎమ్మెల్యే ఫొటో కింద ఏసినారు, చూడలా?"

ఇద్దరు కుర్రాళ్లు ఫ్లెక్సీ విప్పడానికి స్తంభమెక్కారు. శాలువా వచ్చింది, పన్నీరు చల్లారు, సింహాసనం లాంటి కుర్చీ గుమ్మం దాకా నడిచొచ్చింది. పెదనాయన మాత్రం పెదవి కదలకుండా నాతో, "కాలు లేవడం లేదురా" అన్నాడు.

"చెప్పేదా?"

"చెప్పినావంటే చంపుతా."

ఆడపిల్ల తండ్రి కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పేదైనా ఉంటే నన్ను తిట్టు బావా, సంబంధం మాత్రం చెడగొట్టగాకు." లోపల ముస్తాబై కూర్చున్న పిల్ల లేచి నిలబడింది. నేను టై సర్దుకున్నాను. (అంతకంటే ఏమీ చేయలేదని రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.)

అంతలో ఎవరో, "మేళం లేకుండా పిలిస్తే పెద్దమనిషి వస్తాడా?" అని అరిచారు. మేళగాళ్లు పరిగెత్తుకొచ్చి డోలు అందుకున్నారు. ఆ దరువుకు పెదనాయన కాలు లేచింది. (ఆగిన కాలు తాళం వింటే కొందరిలో కదులుతుందని డాక్టరు తర్వాత చెప్పాడు.) తాళం ప్రకారం అడుగులేస్తూ మహారాజులా లోపలికి నడిచాడు. "చూస్తివా, మేళం కోసం!" అని జనం తృప్తిపడ్డారు. ఆడపిల్ల తండ్రి అందరి ముందూ తమ్ముడి మీద పడ్డాడు: "మేళాన్ని ఎదురు పంపేదానికి నీకేం రోగంరా?" తమ్ముడు భోజనం ముట్టకుండా వెళ్లిపోయాడు.

నిశ్చితార్థం జరిగింది. నేను మండపం వెనక నిలబడి ఫోన్‌లో వెతికాను. గుడ్లూ పాలూ అరిగి వచ్చే మాంసకృత్తుల ముక్కలూ ఆ మందూ ఒకే తలుపులోంచి మెదడులోకి పోవాలట. తోపులాటలో మందు బయటే ఆగిపోవచ్చట. కంపెనీ క్లాసులోనూ ఇది చెప్పే ఉంటారు, బహుశా భోజనాల తర్వాత. అప్పుడు నేను నిద్రపోయాను.

ఇంటికొచ్చాక పెదనాయనకు నిజం చెప్పాను. "గోడ గోడ అని ఊరంతా చాటినావే, దానికి తలుపు యాడుందో చూసుకోలేదా?" అన్నాడు. మర్నాటి నుంచి మాత్ర మళ్లీ తిండికి ముందుకు వచ్చింది. వియ్యంకుడికి చెప్పి వస్తానని నేను బతిమాలితే చివరికి ఒప్పుకున్నాడు. "పో. ఆయనకీ, ఆయన తమ్ముడికీ మాత్రం చెప్పు. నా నోటితో చెప్పలేను" అన్నాడు.

చేజర్లలో వియ్యంకుడు పొలం గట్టు మీద ఉన్నాడు. అంతా విన్నాడు. "ఈ ముక్క ఆ పొద్దే చెప్పుంటే నేనే ఎత్తకపోయి కూర్చోబెట్టేవాణ్ణి గదయ్యా" అన్నాడు.

అక్కడి నుంచి ఊరి చివరనున్న తమ్ముడింటికి వెళ్లాను. నిశ్చితార్థం నాటి నుంచి ఆయన అన్నతో మాట్లాడలేదట. తప్పు నాదని మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆయన లేచి చొక్కా తగిలించుకున్నాడు. "పద, ముందు అన్న దగ్గరికి పోదాం" అని నా బైకు వెనకెక్కాడు. దారి పొడవునా మందుల గురించి నేనొక్క మాట మాట్లాడలేదు. ఆ వయసులో నాకది మామూలు సాధన కాదు.