కార్డుల ప్రకాష్

విజయవాడ గవర్నరుపేటలో ఏ ఫొటో స్టూడియో వాణ్ణి అడిగినా ఒకటే మాట చెప్పేవాడు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసుకునే కంప్యూటర్ కావాలంటే కార్డుల ప్రకాష్ దగ్గరికి వెళ్లమని. అసలు పేరు సూర్యప్రకాష్. డబ్బా ఎవడైనా బిగిస్తాడు. అందులో గ్రాఫిక్స్ కార్డు ఏది పెట్టాలో, ఏ కార్డు ఏ మదర్‌బోర్డుతో కాపురం చేస్తుందో, ఏది నాలుగు రోజులకే అలిగి తెరంతా చారలు చేస్తుందో అతనికి తెలిసినట్టు ఇంకొకడికి తెలియదని పేరు. ఆ పేరంటే మనవాడికి మహా మురిపెం. షాపు బోర్డు మీద కూడా రాయించుకునేవాడే, భార్య సాయిశ్రీ అడ్డుపడింది. "పేకాట క్లబ్బనుకుంటారండీ బాబూ!" అంది.

ఊరేదని అడిగితే మాత్రం బందరనేవాడు. బందరు కాదు, పెడన. నాన్నగారేం చేసేవారంటే "టెక్స్‌టైల్స్" అనేవాడు. అబద్ధమని ఎలా అంటాం? మగ్గం మీద నేసేదీ బట్టే కదా! పాలిటెక్నిక్ చదివే రోజుల్లో హాస్టల్లో ఎవడో "మగ్గం గుంటలో కాళ్లు పెట్టుక్కూర్చునే బాపతువా నువ్వు?" అని నవ్వాడు. అన్నవాడు మర్నాటికి మర్చిపోయి ఉంటాడు. ఇతను మర్చిపోలేదు. అప్పట్నుంచీ పెడన అన్న మాట నోటి చివరి దాకా వచ్చి బందరుగా మారిపోయేది.

తండ్రి చిన్నప్పుడే పోతే పెంచింది బాబాయి సాంబమూర్తి, పిన్ని రావమ్మ. వాళ్లకి పిల్లల్లేరు. సాంబమూర్తిది జకార్డు పని. మగ్గం నెత్తిన ఒక పెట్టె ఉంటుంది. చిల్లులు పొడిచిన అట్టల్ని దండలా కుట్టి దానికి వేలాడదీస్తారు. చిల్లు ఉన్న చోట పోగు లేస్తుంది, లేని చోట పడుకుంటుంది. లేచిన పోగుల్ని బట్టి చీర అంచు మీద హంసో, మామిడి పిందో పడుతుంది. ఆ అట్టల్నే అక్కడ కార్డులంటారు. గళ్ల కాయితం మీద బొమ్మ గీసుకుని, దాన్ని బట్టి కార్డులు కొట్టడంలో సాంబమూర్తి చెయ్యి తిరిగినవాడు. "గుంటలో నా కాళ్లు చాల్లేరా, నీవొద్దు" అని అన్న కొడుకుని బెజవాడ పంపి చదివించింది ఆయనే.

ఇక్కడొక చిక్కొచ్చిపడింది. పెడనలో చుట్టాల పెళ్లికి వెళ్లినప్పుడు, పందిట్లో నలుగురూ చుట్టూ చేరి "ఏంట్రా నీ యాపారం?" అని అడిగితే సూర్యప్రకాష్ కొంచెం ఎక్కువగానే చెప్పాడు.

"అంతా కార్డులోనే ఉంది బాబాయ్. కార్డు మంచిదైతే ఎంత పెద్ద డిజైనైనా రంగులతో సహా గలగలా పడిపోద్ది. కార్డు లేకపోతే ఆ మిషనుంది చూశావూ, ఉత్త డబ్బా!"

సాంబమూర్తి కళ్లు మెరిశాయి. "ఓర్నీ! అయితే నువ్వూ కార్డుల పనేనా?" అన్నాడు. కాదని చెప్పడానికి మనవాడికి తీరికెక్కడిది? అప్పుడే ఎవరో ఫొటోకి పిలిచారు, లేచి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి సాంబమూర్తి పెడన బజారులో కనబడ్డవాళ్లందరికీ ఒకటే చెప్పుకోవడం. "మావాడు బెజవాడలో పెద్ద షాపు పెట్టాడు. కార్డులే అమ్ముతాడు. ఎంత చదివినా కులం పని వదల్లేదు చూడండి!"

రెండు వేల అయిదు ఎండాకాలం. కంప్యూటర్లలో కార్డు దూర్చే గాడి, దాన్నే స్లాటంటారు, అది మారిపోతోంది. పాత గాడికి పట్టే కార్డులు చేసేవాళ్లు చెయ్యడం తగ్గించేశారు. కొత్త గాడివి ఇంకా మన దాకా సరిగ్గా రాలేదు. చెన్నై డీలరుకి ఎప్పుడు ఫోన్ చేసినా "వచ్చే వారం సార్" అంటాడు. కొత్త కంప్యూటర్ కొందామనుకున్న స్టూడియోల వాళ్లకి ఏం చెయ్యాలో పాలుపోలేదు. పాత రకం కొంటే రేపు అది చెల్లదంటారు, కొత్త రకం కొందామంటే దానికి కార్డు లేదు. ఇంతలో మూఢం వెళ్లిపోయి ముహూర్తాలు మొదలయ్యాయి. ఊరంతా పెళ్లిళ్లే. ఆ ఉదయం చెన్నై బస్సులో ఓ చిన్న పార్సిల్ దిగిందని తెలియగానే స్టూడియోల వాళ్లంతా సూర్యప్రకాష్ షాపు మీద పడ్డారు.

అందరికంటే ముందు నిలబడ్డవాడు ఏసుపాదం. అతనికి బీసెంటు రోడ్డు వెనక పెద్ద స్టూడియో ఉంది. షాపుకి ప్రాణం లాంటి పార్టీ. నోరు పెద్దది, మనసూ పెద్దదే.

"ప్రకాష్ గారూ, రెండు పెళ్లిళ్లు నెత్తిన కూర్చున్నాయండీ. నాకివ్వకుండా ఇంకెవరికన్నా ఇచ్చారో, ఇక్కడే పందిరేసుకుని కూర్చుంటా!"

అందరూ నవ్వారు. అట్టపెట్టె కోస్తూ సూర్యప్రకాష్ కూడా నవ్వాడు. ఇంతమంది పెద్దమనుషులు తన చేతి వంక చూస్తూ నిలబడటం అతనికి ఎంత బాగుందో చెప్పలేం.

సరిగ్గా అప్పుడు గుమ్మం దగ్గర, అందరి వెనకనుంచి ఓ గొంతు వినబడింది. "కార్డులొచ్చాయంటగా బాబూ. హంసల అంచుకి కార్డులు కావాలి. పెళ్లిళ్ల చీరలు, చేత్తో కొట్టుకునే టైము లేదు. మాదిరి తెచ్చాను."

సాంబమూర్తి. మోకాళ్ల పైకి కట్టిన పంచె, భుజాన తువ్వాలు, చేతిలో గుడ్డసంచి. సంచిలోంచి చీర అంచు ముక్క తీసి, రెండు చేతులతో పరిచి చూపిస్తున్నాడు. జనం అడ్డంగా ఉండటంతో లోపలున్న అన్న కొడుకు ఆయనకింకా కనబడలేదు.

ఏసుపాదం వెనక్కి తిరిగాడు. "ఏ కార్డు తాతా? రేషన్ కార్డా, ఓటరు కార్డా?"

షాపు షాపంతా గొల్లుమంది. "హంస బొమ్మేస్తే కంప్యూటర్లో ఈదుతుందా?" అని ఇంకొకడు అందుకున్నాడు. సూర్యప్రకాష్ కూడా నవ్వాడు. ఛీ, నవ్వాడు! నవ్వకపోతే తెలిసిపోతుందేమోనని అందరితో పాటు పళ్లు బయటపెట్టి నవ్వాడు. ఈలోగా జనం కాస్త పక్కకి జరిగారు. బాబాయి అతన్ని చూశాడు. ఆ మొహం ఇంతయింది. పెదవులు "ఒరే" అనడానికి విచ్చుకున్నాయి.

ఆ మాట బయటికి రాకముందే సూర్యప్రకాష్ అనేశాడు. "ఎవరండీ మీరు? ఏం కావాలండీ?"

అండీ అన్నాడు. మీరు అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషిని ఒక్కసారి కూడా అలా పిలిచి ఎరగడు.

సాంబమూర్తి పెదవులు అలాగే ఆగిపోయాయి. ఒక్కసారి షాపులో అందర్నీ కలయజూశాడు. చీర ముక్కని మడతలు చెడకుండా మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"పొరపాటైపోయిందండీ. ఎవరో చెబితే వేరే షాపనుకుని వచ్చాను. ఏమీ అనుకోకండి సార్" అన్నాడు.

సార్ అన్నాడు. అని, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సూర్యప్రకాష్‌కి తల తీసేసినట్టయింది. వెనకాలే పరుగెత్తి కాళ్లు పట్టుకోవాలనిపించింది. పరుగెత్తలేదు. పరుగెడితే ఎందుకని అడుగుతారు కదా! కార్డులు పంచాడు, ఏసుపాదం దండం పెట్టి తీసుకుపోయాడు. షాపు ఖాళీ అయ్యాక బస్టాండుకి వెళ్లి బందరు బస్సులు ఆగే ప్లాట్‌ఫారమంతా వెతికాడు. బాబాయి లేడు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. సాయిశ్రీ ఏమైందని అడిగితే కార్డుల షార్టేజీ అన్నాడు.

మర్నాడు పిన్ని ఫోన్ చేసింది. "ఏరా, నిన్న నువ్వు చెన్నై వెళ్లావంటగా! షాపు మూసుందని మీ బాబాయి వచ్చేశాడు. పాపం, పప్పు బెల్లం తీసుకెళ్లాడురా నీకోసం" అంది. ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. ఆ ముసలాయన కోపగించుకుని నాలుగు తిట్టినా, ఊరంతా టముకు వేసినా ఇంత సిగ్గు ఉండేది కాదు. ఆ తరవాత పెడన వెళ్లడానికి సూర్యప్రకాష్‌కి మొహం చెల్లలేదు. పండగలకి పని ఉందన్నాడు, పెళ్లిళ్లకి సాయిశ్రీని పంపాడు. ఎవరైనా వయసు మళ్లినవాళ్లు షాపు మెట్లెక్కి "కార్డుందా?" అంటే చాలు, ప్రాణం చచ్చిపోయేది.

కాలం ఊరుకోదుగా. కొత్త గాడి కార్డులు బుట్టలకొద్దీ వచ్చాయి. తరవాత కార్డు అక్కర్లేకుండా బోర్డులోనే బొమ్మలు పుట్టించే రకాలొచ్చాయి. ఆ తరవాత ఎవడొచ్చినా లాప్‌టాపు గురించే అడగడం. కార్డుల ప్రకాష్‌ని కార్డు అడిగేవాళ్లు పలచబడ్డారు. పెడనలోనూ అంతే. కంప్యూటర్లో డిజైను గీసి, మిషను మీద చిల్లులు కొట్టిచ్చే సెంటర్లు వచ్చేశాయి. చేత్తో కొట్టే కార్డులకి గిరాకీ పోయింది.

పిన్నే మళ్లీ ఫోన్ చేసింది. "ఆ కంప్యూటరేదో ఆయనకీ ఒకటి చేసి పెట్టరా. డిజైన్లు గీయడం ఆయనకి రాక కాదుగా. నిన్నడగమంటే ఎందుకో నోరు రావట్లేదాయనకి" అంది. ఎందుకో ఆవిడకి తెలియదు. ఇతనికి తెలుసు.

అప్పట్లో షాపులో ఉన్నవాటిలోకెల్లా మంచి కార్డు ఏరి, ఇంకెవరికీ బిగించనంత శ్రద్ధగా బిగించాడు. తీసుకెళ్లడానికి బండి కావాలి. ఏసుపాదం పెళ్లి షూటింగుకి బందరు వెళ్తున్నాడు, తన వ్యాన్లో ఎక్కించుకుంటానన్నాడు. ఎవరికండీ అని అడిగితే మన ఘనుడేం చెప్పాడో తెలుసా? "పెడనలో ఒక పార్టీకండీ" అన్నాడు. ఇంత సిగ్గుపడి, ఇన్నేళ్లు కుమిలిపోయి, మళ్లీ అదే నోరు!

పామర్రు దాటాక ఏసుపాదం కబుర్లలో పడ్డాడు. "మా అమ్మ ఇప్పటికీ ఎండుచేపల బుట్టతో తిన్నగా స్టూడియోకి వచ్చేస్తదండీ. పెళ్లికూతుళ్లు ముక్కులు మూసుకుంటారు. ఏం చేస్తాం, మా అమ్మ కదా! లోపల ఏసీ గదిలో కూర్చోబెడతా." చెప్పి పకపకా నవ్వాడు. ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకున్నాడు సూర్యప్రకాష్. గూడూరు వచ్చింది, పెడన వచ్చింది, మాట మాత్రం బయటికి రాలేదు.

సాంబమూర్తి వసారాలో పాత కార్డుల దండ విప్పుకుంటున్నాడు. బాగా చిక్కిపోయాడు. వ్యాను ఆగితే తలెత్తి, దిగుతున్న మనిషిని చూసి మొహమంతా నవ్వుతో లేచాడు. అంతలో అతని వెనక మానిటరు మోసుకొస్తున్న ఏసుపాదం కనబడ్డాడు. ఆ రోజు షాపులో అందరికంటే ముందున్న మనిషి. గుర్తుపట్టాడు. నవ్వు గబుక్కున దాచేసుకుని, తువ్వాలు నడుముకి చుట్టుకుని నిలబడ్డాడు.

"రండి సార్. ఎవరు కావాలండీ మీకు?" అన్నాడు అన్న కొడుకుతో.

సూర్యప్రకాష్ "బాబాయ్" అన్నాడు. ఈసారి గట్టిగానే అన్నాడు.

ఏసుపాదం ఆగి, "మీకు బాబాయవుతారా?" అన్నాడు.

సాంబమూర్తి కంగారుపడిపోయాడు. ఇతను నోరు జారాడనుకున్నాడు. సర్దెయ్యాలనుకున్నాడు. "అబ్బే, లేదండీ. ఈ వీధిలో అందరూ నన్ను బాబాయనే పిలుస్తారు. అలవాటు. సారు కూడా మంచి మనసుతో అలా అంటున్నారు."

"అదండీ!" అన్నాడు ఏసుపాదం మెచ్చుకోలుగా. "మా ప్రకాష్ గారి దగ్గర నాకు నచ్చేది అదే. ఎంత ఎదిగినా ఈసమెత్తు గర్వం లేదు."

ఆ మాట సూర్యప్రకాష్ భరించలేకపోయాడు. వసారా అరుగు మీద కూలబడి, తలొంచుకునే చెప్పాడు. "సొంత బాబాయండీ. మా నాన్న తమ్ముడు. నన్ను పెంచాడు. ఆ వేసవిలో షాపుకొచ్చి హంసల కార్డులడిగిన తాత ఈయనేనండీ. నేనెవరండీ అని అడిగాను. మీరందరూ ఉన్నారని అడిగాను."

ఏసుపాదం మానిటరుని మెల్లిగా అరుగు మీద పెట్టేశాడు. సూర్యప్రకాష్ ఒక్కొక్క మాటే చెప్పుకుంటూ పోతుంటే, సాంబమూర్తి పక్కన గొంతుక్కూర్చుని, అతని మోచెయ్యి పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. "ఊరుకోరా ఒరే. పెద్దమనిషి ముందు ఎందుకురా ఇప్పుడు అవన్నీ? నీ పరువేం కాను?"