దొరగారి అన్నయ్యకు దండ

నా చిన్నప్పుడు మా నాన్న ఇక్కడే, సింగపూరులో, ఒక ఇంగ్లీషు దొర దగ్గర కారు నడిపేవాడు. బంగళా వెనకాలే మా ఇల్లు. దొరగారికి పెళ్లాం పిల్లలు లేరు. నెమ్మదస్తుడు. సాయంత్రాలు వరండాలో కూర్చుని కొయ్యతో చిన్న చిన్న ఓడలు చెక్కుకునేవారు.

ఒకరోజు ఇంగ్లండు నుంచి కబురొచ్చింది, దొరగారికి 'సర్' అనే బిరుదు వచ్చిందని. ఎన్నో తరాల కిందట వాళ్ల వంశంలో ఒకాయన తుఫానులో చిక్కుకున్న రాజుగారి ఓడను ఒడ్డుకు చేర్చాడట. రాజు మెచ్చి ఆ బిరుదు ఇచ్చాడట. అప్పటినుంచి అది తండ్రి తర్వాత పెద్ద కొడుక్కి, కొడుకులు లేకపోతే తమ్ముడికి వస్తోందట. ఈ కథ చెబుతుంటే నాన్న ముఖం బిరుదు తనకే వచ్చినంతగా వెలిగిపోయింది. నేను పెరట్లో మల్లెలన్నీ కోసి దండ గుచ్చాను.

మర్నాడు బంగళా నిండా జనం. ఆఫీసువాళ్లు, క్లబ్బు స్నేహితులు చేతులు కలిపి అభినందిస్తున్నారు. దొరగారు అందరికీ తల ఊపుతున్నారు గాని, ఎవరైనా "సర్" అన్నప్పుడల్లా ఆయన చూపు గుమ్మం వైపు పోయేది, ఇంకెవరినో పిలిచినట్టు. నాకది వింతగా తోచింది.

జనం వెళ్లాక అమ్మ నన్ను వెంటబెట్టుకుని దొరగారి దగ్గరికి వెళ్లింది. నేను ఉత్సాహంగా దండ ఎత్తాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండవే. అన్న పోతేనే గదా అది తమ్ముడికి వచ్చింది," అంది మెల్లగా. తర్వాత తనకొచ్చిన మలయ్‌లో దొరగారినే అడిగింది, "తువాన్, మీ అన్నగారి ఫోటో ఏమైనా ఉందా?"

దొరగారు లేచారు. లోపలికి వెళ్లి ఒక ఫోటో తెచ్చారు. పడవలో ఇద్దరు అబ్బాయిలు. పెద్దవాడు చిన్నవాడి టోపీ లాక్కుని నవ్వుతున్నాడు. అమ్మ దాన్ని బల్లమీద నిలబెట్టి, దండ వేయమని నాకు సైగ చేసింది. వేశాను. ఆయన కుర్చీలో కూలబడి, చేతుల్లో ముఖం దాచుకుని ఏడ్చారు. దొరలు కూడా ఏడుస్తారని నాకు అప్పటిదాకా తెలియదు. భయపడి అమ్మ వెనక నక్కాను. అమ్మ మాత్రం కదల్లేదు.

కాసేపటికి ఆయనే చెప్పడం మొదలుపెట్టారు. ఈత నేర్పింది అన్నేనట. కొయ్య చెక్కడం నేర్పిందీ అతనేనట. "ఇంతమంది వచ్చారు. అతని గురించి అడిగింది మీరొక్కరే," అన్నారు.

నాకిప్పుడు ముసలితనం వచ్చింది. ఈ ఊళ్లోనే, పాసిర్ రిస్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను. మా బ్లాకు కింద కాఫీ అంగడి నడిపే పెద్దాయన ఈమధ్య కాలం చేస్తే, కొడుకు ఆ చోటికి వచ్చాడు. అందరూ అతన్ని "బాస్" అని భుజం తడుతున్నారు. "అమ్మమ్మా, కంగ్రాట్స్ చెప్పు లా!" అని మా మనవరాలు కూడా, మాట చివర ఇక్కడివాళ్ల 'లా' తగిలించి, నన్ను తోసింది.

"మీ నాన్న కాఫీ కలుపుతూ ఏదో పాట పాడేవాడే, నీకొచ్చా?" అని అడిగాను.

అతని చెయ్యి ఆగిపోయింది. వెనక క్యూ పెరుగుతోంది. అతను మాత్రం గరిటె పక్కన పెట్టి, వాళ్ల నాన్న గురించి చెబుతూనే ఉన్నాడు.